వ్యంగ్యం, పరిశోధన ఒకే పత్రికలో ఇముడుతాయా? బ్రిటన్ పత్రికల అనుభవం గురించి ఒక ప్రశ్న

పెన్నాతీరం (కడప):

సభ్యులందరికీ నమస్కారం. నేను కడపలో ఇద్దరు మిత్రులతో కలిసి పదహారు పేజీల పక్షపత్రిక నడుపుతున్నాను. చందాదారులు నాలుగు వందల మందికి మించరు. పండుగ సంచికల్లో తప్ప ప్రకటనలు రావు. ఇంతకాలం సాహిత్యం, స్థానిక చరిత్ర, సేద్యపు కష్టనష్టాల గురించే వేసుకుంటూ వచ్చాం. వచ్చే ఉగాది సంచిక నుంచి చివరి నాలుగు పేజీలను స్థానిక సంస్థల ఖర్చులకు కేటాయించాలని ముగ్గురం అనుకున్నాం. వీధిదీపాల బిల్లులు, మురుగుకాలువల పూడికతీత, పాఠశాలల ప్రహరీగోడలు, వేసవిలో ట్యాంకర్ల నీళ్ళు, వీటి విషయంలో ఎం.బుక్కులో (పనుల కొలతలు రాసే పుస్తకంలో) రాసినదానికీ నేల మీద కనిపించేదానికీ ఎంత దూరముందో స్వయంగా చూసి రాయాలన్నది మా ఉద్దేశం.

ఎలా రాయాలన్న దగ్గర మాలో మాకు తేడా వచ్చింది. ఒక మిత్రుడు రచ్చబండ మీద కూర్చుని ముచ్చట్లాడే పాత్రను ఒకదాన్ని కల్పించి, విషయమంతా ఆ పాత్ర నోట వ్యంగ్యంగా చెప్పిద్దామంటాడు. రెండో ఆయన ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైనవాడు. లెక్కకు నవ్వు తోడైతే లెక్కే తేలికైపోతుందనీ, నవ్వించినవాడి మాటను ఏ అధికారీ పట్టించుకోడనీ ఆయన గట్టిగా నమ్ముతాడు. ఇద్దరి మాటలోనూ నాకు నిజం కనిపిస్తోంది.

బ్రిటన్‌లో ప్రైవేట్ ఐ అనే పక్షపత్రిక 1961 నుంచి ఈ రెండింటినీ ఒకే అట్ట కింద నడుపుతోందనీ, మంత్రులు, స్థానిక కౌన్సిళ్ళు, ఆసుపత్రులు, చివరకు తపాలా సంస్థ కూడా దానికి జవాబు చెప్పుకోవలసి వచ్చిందనీ చదివాను. అయితే నేను చదివినవాటిలో పొగడ్తే ఎక్కువ, పనితీరు గురించిన వివరం తక్కువ. అక్కడి సంస్థలను నిజంగా కదిలించింది హాస్యమా, పరిశోధనా? దావాలు వచ్చిపడినప్పుడు ఆ పత్రిక ఎలా తట్టుకుంది? వాళ్ళ చట్టం, వాళ్ళ పాఠకులు, వాళ్ళ డబ్బు మనకు లేవు కదా, అలాంటప్పుడు కడప లాంటి ఊరి పత్రిక ఆ అనుభవంలోంచి ఏం తీసుకోగలదు? తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను. మేము ఒకసారి అడుగు వేస్తే వెనక్కి తీసుకోలేం, అందుకే ముందే అడుగుతున్నాను.


చిత్రావతి (అనంతపురం):

సంపాదకులు గారికి నమస్కారం. నేను ఉద్యోగరీత్యా 2010 నుంచి 2019 వరకు లండన్‌లో ఉన్నాను. ఆ తొమ్మిదేళ్ళూ ఆ పత్రికను కొని చదివాను కాబట్టి, ఒక పాఠకుడిగా గమనించినది చెబుతాను.

ముందు దాని కూర్పు చూడండి, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. అట్ట మీద ఎవరో ఒక ప్రముఖుడి ఫోటో, నోటి దగ్గర బుడగలో ఒక మాట ఉంటుంది. ముందు పేజీల్లో పార్లమెంటు మీద, తోటి పత్రికల మీద, స్థానిక కౌన్సిళ్ళ మీద చిన్న చిన్న వార్తలుంటాయి. నడిమి పేజీలు కార్టూన్లకూ, నాయకుల మాటతీరును అనుకరించే రచనలకూ కేటాయించినవి. వెనక వైపు ‘ఇన్ ద బ్యాక్’ అనే శీర్షిక కింద పరిశోధన వస్తుంది. అక్కడ పేరు దగ్గర ఒక శ్లేష ఉంటే ఉండవచ్చు గానీ, లోపల మాత్రం తేదీలు, ఉత్తరాలు, మొత్తాలు, ఎవరు ఏ రోజున ఏం సంతకం చేశారన్న వివరాలే ఉంటాయి. అంటే రెండింటినీ కలిపి వండలేదు. ఒకే విస్తట్లో వేరువేరుగా వడ్డించారు. నవ్వు కోసం వచ్చిన పాఠకుడు వెనక పేజీ దాకా వెళతాడు. రెండు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోతున్నాయి కాబట్టి ఆ వెనక పేజీలకు అయ్యే ఖర్చును పాఠకుడే భరిస్తున్నాడు. పత్రికలో చాలా భాగాన్ని ఈనాటికీ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టరు.

కౌన్సిళ్ళ మీద వచ్చే శీర్షిక పేరు ‘రాటెన్ బరోస్’, అంటే కుళ్ళిపోయిన నియోజకవర్గాలని అర్థం. 1832 నాటి సంస్కరణల చట్టానికి పూర్వం, గుప్పెడు మంది ఓటర్లు కూడా లేకపోయినా పార్లమెంటుకు సభ్యులను పంపిన ఊళ్ళను అలా పిలిచేవారు. మీరు మొదలుపెట్టబోయే నాలుగు పేజీలకు దగ్గరగా ఉన్నది ఆ శీర్షికే. అందులో ఒక్కో వార్త పది పన్నెండు వాక్యాలకు మించదు. ఫలానా కౌన్సిల్‌లో ఫలానా స్థలాన్ని ఎవరికి కట్టబెట్టారు, ఆ తీర్మానం మీద ఓటు వేసిన సభ్యుడికి ఆ కంపెనీలో వాటా ఉన్నదా లేదా, అంతే. ఈ సంప్రదాయం పాతది. యార్క్‌షైర్‌కు చెందిన జాన్ పౌల్సన్ అనే భవన నిర్మాణ శిల్పి కౌన్సిలర్లకూ అధికారులకూ లంచాలిచ్చి ప్రభుత్వ పనులు సంపాదించిన వ్యవహారం మీద పాల్ ఫుట్ అనే విలేకరి ఈ పత్రికలో 1970లోనే రాశారు. పౌల్సన్‌తో వ్యాపార సంబంధాలున్న హోం మంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ 1972లో రాజీనామా చేశారు. పౌల్సన్‌కు 1974లో జైలుశిక్ష పడింది.

బ్రిస్టల్ ఆసుపత్రి ఉదంతం ఇంకా బాధాకరమైనది. పసిపిల్లల గుండె ఆపరేషన్లలో మరణాలు మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయని 1992లోనే ఈ పత్రిక రాసింది. రాసింది విలేకరి కాదు, ఎం.డి. అనే కలంపేరుతో వైద్య శీర్షిక నడిపే ఫిల్ హామండ్, స్వయంగా డాక్టరు. ఆ ఆసుపత్రిలోనే మత్తు డాక్టరుగా పనిచేసిన స్టీఫెన్ బోల్సిన్ లోపల ఎంత మొత్తుకున్నా ఆపరేషన్లు 1995 దాకా ఆగలేదు. 2001లో వెలువడిన విచారణ నివేదిక, 1991 నుంచి 1995 వరకు అక్కడ ఏడాది లోపు పిల్లల్లో 30 నుంచి 35 మంది అదనంగా మరణించారని తేల్చింది. పత్రిక రాసిన రోజుకూ ఆపరేషన్లు ఆగిన రోజుకూ మధ్య మూడేళ్ళున్నాయి. ఆ మూడేళ్ళ సంగతి తలచుకున్నప్పుడల్లా, ఒక్కసారి రాసి ఊరుకుంటే సరిపోదన్న సంగతి నాకు గుర్తుకొస్తుంది.

ఇక తపాలా సంస్థ విషయం. అక్కడి పోస్ట్ ఆఫీస్ ప్రభుత్వ యాజమాన్యంలోని సంస్థ. ఊళ్ళలోని శాఖలను చాలావరకు చిన్న దుకాణాలు పెట్టుకున్న సబ్-పోస్ట్‌మాస్టర్లు ఒప్పందం మీద నడుపుతారు. ఫుజిత్సు సంస్థ సరఫరా చేసిన హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థను 1999 నుంచి ఆ శాఖల్లో పెట్టారు. దానిలోని లోపాల వల్ల సాయంత్రం లెక్క చూసుకునేసరికి లేని లోటు కనిపించేది. ఒప్పందం ప్రకారం లోటును పోస్ట్‌మాస్టరే పూడ్చాలి. పూడ్చలేనివారి మీద దొంగతనం, తప్పుడు లెక్కలు రాయడం వంటి నేరాలు మోపారు. 1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. వారిలో 700 మందికి పైగా వ్యక్తుల మీద కేసు నడిపింది పోలీసులు కాదు, పోస్ట్ ఆఫీసే. ఫిర్యాదుదారూ, దర్యాప్తు అధికారీ, ప్రాసిక్యూటరూ ఒక్కరే అన్నమాట. బాధితుల్లో మన దేశం నుంచి వెళ్ళి స్థిరపడిన కుటుంబాలవారు కూడా చాలామంది ఉన్నారు.

ఈ సంగతిని మొదట బయటపెట్టింది ప్రైవేట్ ఐ కాదని చెప్పడం న్యాయం. కంప్యూటర్ వీక్లీ అనే వృత్తి పత్రిక 2009 మే నెలలో ఏడుగురు పోస్ట్‌మాస్టర్ల అనుభవాలతో మొదటి కథనం వేసింది. ప్రైవేట్ ఐ 2011లో అందుకుంది. నేను ఆ పత్రిక చదవడం మొదలుపెట్టిన కొత్తలో అవి నాకు అంతగా ఆసక్తి కలిగించని చిన్న వార్తలు. కొన్ని నెలలకొకసారి మళ్ళీ కనిపించేవి. నిక్ వాలిస్, రిచర్డ్ బ్రూక్స్ అనే విలేకరులు వాటి మీద పనిచేశారు. బ్రూక్స్ పూర్వం పన్నుల శాఖలో ఇన్‌స్పెక్టరు కావడం వల్ల లెక్కల పుస్తకం చదవడం ఆయనకు తెలుసు. మీ రిటైర్డ్ ఆడిట్ మిత్రుడు మీకు ఎంత విలువైనవారో దీన్నిబట్టి ఆలోచించండి. ఆలన్ బేట్స్ అనే సబ్-పోస్ట్‌మాస్టర్ నాయకత్వంలో 555 మంది వేసిన దావా 2019 డిసెంబరులో 5 కోట్ల 77 లక్షల 50 వేల పౌండ్లకు రాజీ అయింది, దానిలో ఎక్కువ భాగం వ్యాజ్యపు ఖర్చులకే పోయింది. ఆ నెలలోనే న్యాయమూర్తి హొరైజన్ వ్యవస్థలో దోషాలున్నాయని తీర్పు చెప్పారు. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను ఒకేసారి కొట్టివేసింది. 2024 జనవరిలో టీవీలో ఆ కథ నాటకంగా ప్రసారమయ్యాక గానీ దేశమంతా కదలలేదు. మే నెలలో మిగిలిన శిక్షల్లో చాలావాటిని చట్టం ద్వారానే రద్దు చేశారు. కనీసం 13 మంది ఆత్మహత్యలకు ఈ వ్యవహారంతో సంబంధం ఉండవచ్చని విచారణ సంఘం 2025 జూలైలో చెప్పింది.

కాబట్టి హాస్యమా పరిశోధనా అని మీరు అడిగినదానికి నా జవాబు: కదిలించింది ఆ రెండింటిలో ఏదీ ఒంటరిగా కాదు, విడవకపోవడం. దినపత్రిక మర్నాటికి మరో వార్త వెతుక్కోక తప్పదు. పక్షపత్రిక మాత్రం ఒకే విషయాన్ని పదేళ్ళు పట్టుకుని ఉండగలదు, పాఠకుడు విసుగెత్తి పారిపోకుండా నడిమి పేజీలు కాపాడితే.

ఒక మాట చేర్చాలి. ఈ ఒరవడి మన సీమకు కొత్తది కాదు. స్టీల్, అడిసన్ అనే ఆంగ్ల రచయితలు 18వ శతాబ్దపు ఆరంభంలో నడిపిన పత్రికల బాటలో, నూరేళ్ళకు పూర్వమే అనంతపురం మిత్రబృందం ‘వదరుబోతు’ వ్యాసాలు రాసింది. ఆ బృందంలోని పప్పూరు రామాచార్యులు గారే 1926లో ఇక్కడ శ్రీ సాధన పత్రిక స్థాపించారు.


హంద్రీ ఒడ్డు (పత్తికొండ):

చిత్రావతి గారు రాసిన తపాలా ఉదంతం చదివి చాలాసేపు మనసు కుదుటపడలేదు. నేను ఒక సహకార పరపతి సంఘంలో గుమాస్తాగా పనిచేశాను. రాతపుస్తకాల నుంచి కంప్యూటరుకు మారిన సంవత్సరం, ఒక సాయంత్రం చిల్లర పెట్టెలో ఉండవలసిన దానికంటే 2,300 రూపాయలు తక్కువ తేలాయి. నాలుగుసార్లు లెక్కపెట్టాను. మా కార్యదర్శి నన్ను దొంగ అనలేదు గానీ, ‘తెర మీద వచ్చిన అంకె తప్పెలా అవుతుంది’ అన్నారు. ఆ నెల జీతంలోంచి కట్టాను. ఇంట్లో చెప్పలేదు. మూడు నెలల తర్వాత ఆడిటుకు వచ్చినాయన, ఒక రైతు చెల్లించిన వాయిదా రెండుసార్లు జమపడిందని కనుక్కున్నాడు. డబ్బు తిరిగి ఇచ్చారు. ఆ మూడు నెలలు మాత్రం నేను ఊళ్ళో తలెత్తుకుని నడవలేదు. నాకు పోయింది 2,300 రూపాయలు, మూడు నెలలు. అక్కడ పోయినవి ఇళ్ళు, పరువు, కొందరికి ప్రాణాలు.

సంపాదకులు గారూ, మీ పరిశోధన పేజీలకు సమాచారం తెచ్చిచ్చేది మాలాంటి గుమాస్తాలు, బిల్ కలెక్టర్లు, వాచ్‌మన్లు, వర్క్ ఇన్‌స్పెక్టర్లే. పెద్ద అధికారి ఏదీ చెప్పడు. మేం చెప్పాలంటే మా పేరు బయటికి రాదన్న నమ్మకం కావాలి. ఆ ఆసుపత్రి సంగతిని ఒక డాక్టరు కలంపేరుతో రాయడం, ఈ పన్నుల ఇన్‌స్పెక్టరు పత్రికలో చేరడం చదివాక ఈ మాట చెప్పాలనిపించింది. మీరు వ్యంగ్య పాత్రను పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోండి గానీ, ఆ పాత్ర చెప్పే మాటల తీరునుబట్టి ఏ గుమాస్తా ఉప్పందించాడో పైవాళ్ళు పసిగట్టకుండా చూడండి. హాస్యంలో చిన్న చిన్న వివరాలు ఎక్కువ పడతాయి, ఆ వివరాలే మనిషిని పట్టిస్తాయి.


బురుజు వీధి న్యాయవాది (కర్నూలు):

దావాల సంగతి అడిగారు కాబట్టి, దాని గురించి కొంచెం విస్తారంగా రాస్తాను.

ప్రైవేట్ ఐ దావాలు తట్టుకుందనడం కంటే, దావాల మధ్యనే బతికిందనడం సరైనది. 1976లో జేమ్స్ గోల్డ్‌స్మిత్ అనే సంపన్నుడు పత్రిక మీదా, దాన్ని అమ్మే పంపిణీదారుల మీదా కలిపి 60కి పైగా నోటీసులు వేయించాడు. పైగా క్రిమినల్ పరువునష్టం కేసుకు కూడా అనుమతి సంపాదించాడు. ఆ సమయంలో పాఠకులు చందాలు వేసుకుని నిధి సమకూర్చారు. 1989లో ఒక హంతకుడి భార్య వేసిన దావాలో జ్యూరీ 6 లక్షల పౌండ్లు పరిహారం చెల్లించమంది. పత్రిక మూతపడేదే, అప్పీలులో ఆ మొత్తం 60 వేలకు తగ్గింది. 1986 నుంచి సంపాదకుడుగా ఉన్న ఇయాన్ హిస్లాప్ బ్రిటన్‌లో అత్యధికంగా దావాలు ఎదుర్కొన్న సంపాదకుల్లో ఒకరు. వాళ్ళు ఓడిన కేసులూ చాలానే ఉన్నాయి. గెలిచే కేసులే పోరాడుదామనుకునే పత్రిక ఈ పని చేయలేదు.

చట్టం కొంత మారింది. ఒక కౌన్సిల్ తన మీద రాసిన పత్రిక మీద పరువునష్టం దావా వేయవచ్చా అన్న ప్రశ్న డెర్బీషైర్ కౌంటీ కౌన్సిల్, టైమ్స్ పత్రికల మధ్య కేసులో వచ్చింది. ప్రజలెన్నుకున్న సంస్థ స్వేచ్ఛగా విమర్శకు గురికావలసిందేననీ, దానికి అలాంటి దావా వేసే హక్కు లేదనీ అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ 1993లో తీర్పు చెప్పింది. ఈ తీర్పు మనకెందుకంటే, మరుసటి ఏడాదే మన సుప్రీంకోర్టు రాజగోపాల్ కేసులో దాన్ని ఆధారం చేసుకుంది. ఆ తీర్పు రాసినది మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు. ప్రభుత్వమూ, స్థానిక సంస్థలూ పరువునష్టం కింద పరిహారం కోరుతూ దావా వేయజాలవు. అధికారి తన విధినిర్వహణ గురించి రాసినదాని మీద పరిహారం కోరినప్పుడు, పత్రిక తగినంత విచారించి రాసినట్టు చూపగలిగితే చాలు. ప్రతి అక్షరమూ సత్యమని రుజువు చేయనక్కరలేదు. కడపలో వార్డు ఖర్చుల గురించి రాయబోయే మీకు ఇంతకంటే దగ్గరి చుట్టం లాంటి తీర్పు ఇంకొకటి లేదు.

అయితే తేడా ఒకటుంది, దాన్ని దాచి మీకు ధైర్యం చెప్పడం తప్పు. బ్రిటన్ 2010 నాటికి క్రిమినల్ పరువునష్టాన్ని పూర్తిగా ఎత్తివేసింది. 2013 చట్టం ద్వారా, పరువుకు తీవ్రమైన హాని జరిగిందని చూపనిదే సివిల్ దావా కూడా నిలవదన్నది. మన దేశంలో క్రిమినల్ పరువునష్టం చెల్లుతుందని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఉంది. రెండేళ్ళ వరకు సాధారణ జైలుశిక్షకు అవకాశముంది. ప్రజాసేవకుడి విధినిర్వహణపై సద్భావంతో చెప్పిన అభిప్రాయానికి మినహాయింపు ఉన్నా, ఆ మినహాయింపు కోర్టులో తేలేదాకా వాయిదాలకు తిరగవలసినవారు మీరే. అందువల్ల వ్యంగ్యం సంస్థ మీదా, పదవి మీదా, కాగితం మీదా ఉండాలి తప్ప మనిషి రూపం, కులం, ఇంటి సంగతుల మీద ఉండకూడదు.

కాగితం ఎలా దొరుకుతుందన్నది తర్వాతి సంగతి. ఇంగ్లండులో ప్రతి ఏడాదీ 30 పనిదినాల పాటు కౌన్సిల్ లెక్కలను, వాటికి సంబంధించిన బిల్లులను, ఒప్పందాలను స్థానిక ఓటరు ఎవరైనా చూడవచ్చు. 2017లో ఆ హక్కును విలేకరులకు కూడా ఇచ్చారు. సమాచార స్వేచ్ఛ చట్టం అక్కడ 2005 జనవరి నుంచి అమలులో ఉంది. ఎంపీల ఖర్చుల బండారం 2009లో డైలీ టెలిగ్రాఫ్ ద్వారా బయటికి రావడానికి ముందు, హెదర్ బ్రూక్ అనే విలేకరి ఆ చట్టం కింద ఏళ్ళ తరబడి అడిగి, హైకోర్టు దాకా వెళ్ళి గెలిచిన నేపథ్యముంది. ఆ ఏడాదే స్పీకరు రాజీనామా చేయవలసి వచ్చింది. మన సమాచార హక్కు చట్టం అదే 2005 అక్టోబరులో అమలులోకి వచ్చింది. రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నకళ్ళు ఇమ్మని మాత్రమే అడగకండి. రికార్డులను, జరుగుతున్న పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. ఎం.బుక్కును అడిగి, ఆఫీసులో కూర్చుని చూసి, పేజీ సంఖ్య రాసుకుని, తర్వాత ఆ పేజీకే ధ్రువీకరించిన నకలు కోరండి.

మా కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1908లో స్వరాజ్య పత్రికలో రాసిన వ్యాసానికి ఇదే బ్రిటిష్ ప్రభుత్వం రాజద్రోహం కింద మూడేళ్ళ శిక్ష వేసింది. తమ దేశంలో తమ సంస్థలను ప్రశ్నించే పత్రికలను సహించిన కాలంలోనే ఇక్కడ మన సంపాదకులను జైలుకు పంపారు. అక్కడి పద్ధతిని నేర్చుకుందాం, ఆ సంగతిని మరవకుండా నేర్చుకుందాం.


ప్రొద్దుటూరు బడిపంతులు:

నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. పైవారు రాసినవాటిని కాదనను గానీ, అదే పత్రిక చేసిన ఒక తప్పును ఇక్కడ చెప్పకపోతే లెక్క పూర్తికాదు. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా అనే మూడు జబ్బులకు కలిపి వేసే టీకా వల్ల పిల్లలకు ఆటిజం వస్తుందన్న ఆండ్రూ వేక్‌ఫీల్డ్ వాదనను ప్రైవేట్ ఐ ఏళ్ళ తరబడి సమర్థించింది. 2002లో ప్రత్యేక నివేదిక కూడా వేసింది. ఆ వాదన వెనక ఉన్న మోసాన్ని 2004 నుంచి తవ్వి తీసినది సండే టైమ్స్ విలేకరి బ్రయాన్ డీర్. 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రిక తాను వేసిన ఆ పరిశోధన పత్రాన్ని ఉపసంహరించింది, వేక్‌ఫీల్డ్ పేరును వైద్యుల పట్టిక నుంచి తొలగించారు. ఆ తర్వాత తమ పత్రిక చేసినది పొరపాటని అదే ఎం.డి. శీర్షికలో హామండ్ రాశారు.

విడవకపోవడం గొప్ప గుణమని చిత్రావతి గారన్నారు. తప్పును పట్టుకుని విడవకపోయినా అంతే బలంగా పనిచేస్తుంది, ఆ కాలంలో టీకా వేయించుకోని పిల్లలు దానికి మూల్యం చెల్లించారు. బ్రిస్టల్ విషయంలో అధికారులను నమ్మకపోవడం సరైనదయింది, టీకా విషయంలో అదే అపనమ్మకం దారి తప్పించింది. రెండుచోట్లా పత్రిక స్వభావం ఒక్కటే, ఆధారమే వేరు. కాబట్టి మీ నాలుగు పేజీల్లో సవరణకు ఒక స్థిరమైన చోటు, ప్రతి సంచికలో, ఒకే పేజీలో ఉంచమని నా విన్నపం.


తనిఖీ బృందంలో పనిచేసిన ఒక సోదరి (నార్పల వైపు, అనంతపురం జిల్లా):

అన్నగారూ, నమస్కారం. బ్రిటన్ సంగతి నాకు మీ రాతల వల్లే తెలిసింది. వ్యంగ్యం గురించి మాత్రం నా అనుభవంలోంచి చెబుతాను. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా మండలంలోని బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ చట్టం ప్రకారం గ్రామసభ సామాజిక తనిఖీ చేయాల్సి ఉండేది. నేను కొన్నేళ్ళు ఆ బృందాల్లో తిరిగాను. మస్టర్లు (కూలీల హాజరుపట్టీలు) పట్టుకుని ఇంటింటికీ పోయి, నువ్వు ఇన్ని రోజులు పనికి వెళ్ళావా, ఇంత డబ్బు చేతికి వచ్చిందా అని అడిగి, చివర్లో అందరి ఎదుట చదివి వినిపించేవాళ్ళం.

ఒక ఊళ్ళో మస్టరు చదువుతుండగా ఒక పేరు వచ్చింది. ఆ పేరుతో పన్నెండు రోజుల కూలి పడింది. నేను పేరు చదవగానే జనంలో నవ్వు లేచింది. నాకు అర్థం కాలేదు. ఒక ముసలమ్మ లేచి, ‘ఆయన పోయి రెండేండ్లయింది బిడ్డా, మేమే మోసుకుపోయినాం’ అంది. అప్పుడు నవ్వు ఆగిపోయింది. అందరూ వేదిక మీద కూర్చున్నవాళ్ళ వైపు చూశారు. నేను అక్కడ హాస్యం చెప్పలేదు, పాత్రను కల్పించలేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు, తేదీతో సహా చదివాను. నవ్వు దానిలోనే ఉంది, ఆ నవ్వు ఆగాక వచ్చిన కోపమూ దానిలోనే ఉంది. ఆ రోజే ఆ డబ్బు వెనక్కి కట్టిస్తామని రాసిచ్చారు.

మీ రచ్చబండ పాత్రకు మాటలు మీరు రాయకండి, ఆ పాత్ర చేత ఎం.బుక్కునే చదివించండి. చదువు రానివాళ్ళకు పత్రిక అందదు కాబట్టి, వీలైతే ఆ నాలుగు పేజీలను నెలకొకసారి ఏ వార్డు గురించి రాస్తే ఆ వార్డులో చదివి వినిపించండి. చదివేవాళ్ళు కావాలంటే నేను వస్తాను.


పెన్నాతీరం (కడప):

అందరికీ కృతజ్ఞతలు. సోదరి రాసినది మా ఇద్దరు మిత్రులకూ చదివి వినిపించాను. పేచీ అక్కడితో తీరింది: ఆడిట్ మిత్రుడు కాగితం ఎంచుతాడు, రెండో మిత్రుడు దాన్ని ఏ వరుసలో చదవాలో నిర్ణయిస్తాడు, ఒక్క మాట కూడా కలపడు. నడిమి పేజీల్లో కార్టూను, పేరడీ విడిగా ఉంటాయి. పంతులుగారు చెప్పిన సవరణల చోటు చివరి పేజీలో కుడివైపు పైన ఉంటుంది. హంద్రీ ఒడ్డు గారి హెచ్చరికను దృష్టిలో పెట్టుకుని, సమాచారం ఎవరిచ్చినా అదే విషయాన్ని సమాచార హక్కు దరఖాస్తు ద్వారా మళ్ళీ తెప్పించుకున్నాకే వేయాలనుకుంటున్నాం. అప్పుడు ఆధారం దరఖాస్తుదే అవుతుంది, మనిషిది కాదు.

మొదటి సంచికకు ఒకే వార్డులోని వీధిదీపాల బిల్లులు తీసుకుంటున్నాం. మూడేళ్ళవి అడగాలని ఉంది. న్యాయవాది గారికి ఒక ప్రశ్న: ప్రచురణకు ముందు సంబంధిత అధికారికి మా లెక్క పంపి వివరణ కోరాలా? కోరితే ముందే జాగ్రత్తపడి రికార్డు సరిచేస్తారేమోనని మా ఆడిట్ మిత్రుడి భయం.


బురుజు వీధి న్యాయవాది (కర్నూలు):

తప్పకుండా కోరాలి. రాజగోపాల్ తీర్పులో చెప్పిన ‘తగినంత విచారణ’కు మీ దగ్గర ఉండే మొదటి రుజువు ఆ ఉత్తరమే. కాకపోతే క్రమం పాటించండి. ముందు రికార్డు తనిఖీ చేయండి, తర్వాత ధ్రువీకరించిన నకళ్ళు తీసుకోండి, రాత్రిపూట వీధిలో నడిచి వెలిగే దీపాలను స్తంభం సంఖ్యతో సహా లెక్కించి ఫోటోలు తీయండి. ఇవన్నీ చేతికి వచ్చాకే స్పీడ్ పోస్టులో ప్రశ్నలు పంపి పది రోజుల గడువివ్వండి. నకలు మీ చేతిలో ఉన్నాక రికార్డు సరిచేస్తే, ఆ సరిచేయడం కూడా వార్తే అవుతుంది. వివరణ వస్తే ఒక్క అక్షరం తగ్గించకుండా అదే పేజీలో వేయండి. మూడేళ్ళు వద్దు, ఒక్క ఏడాదికే అడగండి. మొదటి దరఖాస్తు చిన్నదిగా ఉంటే తిరస్కరించడానికి సాకు దొరకదు. దరఖాస్తు ముసాయిదా నాకు పంపితే చూసి పెడతాను.